పురుగుల ఇంట్లో కంప్యూటర్

కొత్తచెరువు,
4 మార్చి 2002

మామా,

రాయదుర్గంలో నువ్వూ నీ రేడియో షాపూ బాగున్నారనుకుంటాను. నువ్వు నీ చేత్తో బిగించి పంపిన కంప్యూటర్ మాత్రం బాగా లేదు.

పొద్దున్నే బుద్ధిగా లేస్తుంది. నాష్టా వేళ దాటేసరికి లోపల గుర్రుమనడం మొదలవుతుంది. ఎండ ముదిరేసరికి ఎవరూ మీట నొక్కకుండానే దానంతటదే ఆరిపోతుంది. డబ్బా మీద చెయ్యి పెడితే పెనంలా కాలుతోంది. మా అత్త గంగక్క వచ్చి తొంగి చూసి, "దీని మీద రొట్టె కాల్చుకోవచ్చు గదే, కట్టెలన్నా మిగులుతాయి" అనేసి పోయింది. ఇంటి ముందరి రేకుల గదిలో పెట్టాను, తప్పు నాదేనేమో. కానీ ఉన్నదే ఆ గది. వెనకాల ఉన్నదంతా మా ఆయన ఓబుళేసు, మా అత్త పట్టుపురుగులు మేపే ఇల్లు. అక్కడికి నన్నే చెప్పులతో రానివ్వరు, ఇక దీన్ని రానిస్తారా?

విషయం చెప్తాను. సర్టిఫికెట్లు ఇచ్చే సంస్థ నుంచి శ్రీరంగప్ప అనే తనిఖీ ఆయన వచ్చే నెలాఖరులో వస్తాడట. నా దగ్గర నేర్చుకునే పిల్లల్లో ఒకరు ఆయన ముందర కూర్చుని గంటసేపు టైపు కొట్టాలి. ఆ గంటలో మిషన్ ఆగకూడదు. ఆగకపోతే నా సెంటరుకు గుర్తింపు, పరీక్ష ఇక్కడే. ఆగితే పిల్లలు ధర్మవరం పోయి నేర్చుకోవాలి. ఐదుగురు ఆడపిల్లలు మామా. బస్సెక్కించి ధర్మవరం పంపే నాయన ఒక్కడూ లేడు. కూలికో పెళ్ళికో తోలేస్తారు. నేను మళ్ళీ పురుగులకు మల్బరీ ఆకు తరుక్కుంటూ కూర్చుంటాను.

ఏం చేయాలో వెంటనే రాయి. ఫోన్ చేయకు, ఎస్టీడీ బూతు ఆయన మన మాటలన్నీ ఊరికి చెప్తాడు.

ఈశ్వరి


రాయదుర్గం,
11 మార్చి 2002

ఈశ్వరీ,

నీ ఉత్తరం చదివి షాపు మూసి ఇంటికి పోయాను. అంత కోపం వచ్చింది. గుమ్మఘట్ట నుంచి కన్నడం వాళ్ళు కూడా వెతుక్కుంటూ వస్తారు నా రిపేరు కోసం. ఈ లక్ష్మీపతి బిగించిన మిషన్ మీద రొట్టె కాల్చుకోవాలా? గంగక్క వదినకు నా నమస్కారాలు చెప్పి, ఆ మాట నేను మనసులో పెట్టుకున్నానని కూడా చెప్పు.

సరే, విను. డబ్బాలో బిస్కెట్టంత బిళ్ళ ఒకటుంది. ఆలోచనంతా దానిదే. ఆలోచించే కొద్దీ కాలుతుంది. దాని మీద అల్యూమినియం రేకులు బిగించి, వాటి నెత్తిన చిన్న ఫ్యాను పెట్టాను. ఆ ఫ్యాను చల్లదనాన్ని పుట్టించదు పిల్లా. ఉన్న గాలినే తిప్పుతుంది. మీ రేకుల గదిలో పొయ్యి గాలి ఉంటే అది పొయ్యి గాలినే తిప్పుతుంది. పనిలో లోపం లేదు, గదిలో లోపం.

కాబట్టి డబ్బాకు పక్కనున్న మూత విప్పెయ్. నాలుగు మరలు, అంతే. నేను చెప్పేవరకు మళ్ళీ మూయవద్దు. గాలి ఆడాలి. ఎదురుగా టేబుల్ ఫ్యాన్ పెట్టు. ఇక తిరుగుండదు.

నీ మామ,
లక్ష్మీపతి


కొత్తచెరువు,
21 మార్చి 2002

మామా,

మూత విప్పాను. ఇంట్లో ఉన్న ఒక్క టేబుల్ ఫ్యానూ ఓబుళేసు మంచం పక్కనుంచి లాక్కొచ్చి పెట్టాను. "నాకు లేని గాలి దానికెందుకే? అదేమన్నా తోటలో ఆకు కోసుకొచ్చినాదా?" అని వారం రోజులుగా నాతో ముక్తసరిగా మాట్లాడుతున్నాడు.

ఫ్యాను వేయగానే ఎదురుగా పెట్టుకున్న కాగితాలన్నీ వీధిలోకి పోయాయి. పిల్లలు వాటి వెనకాల పోయారు. వాళ్ళు తిరిగొచ్చేలోపు దారిలోని ఎర్రమట్టంతా డబ్బాలోకి వచ్చి చేరింది. అయినా నీ మాట కొంత నిజమే, ఇంతకు ముందు కంటే కాస్త ఎక్కువసేపు నడిచింది. తర్వాత ఆరిపోయింది.

అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. పురుగుల ఇంటి కిటికీలకు మా అత్త తడి గోనెపట్టాలు వేలాడదీస్తుంది. బయట నిప్పులు కురుస్తున్నా లోపల కుండలో ఉన్నట్టుంటుంది. నేనూ గోనెపట్టా తడిపి టేబుల్ ఫ్యాను వెనకాల కట్టాను. గది చల్లబడింది. అయితే తుంపర్లు డబ్బా మీద పడ్డాయి. కృపాకుమారి మీట నొక్కబోయి కెవ్వుమని అరిచి బల్ల అవతల పడింది. కృపాకుమారి అంటే మా తోటలో ఆకు కోతకు వచ్చే జాకబ్ కూతురు. నా పిల్లలందరిలో వేళ్ళు చురుకైనది, శ్రీరంగప్ప ముందర కూర్చోబెట్టాలనుకున్నది దాన్నే. దెబ్బేమీ తగల్లేదు. నవ్వుతూ లేచింది. నేను ప్లగ్గు పీకేసి ఆ రోజుకు పాఠం ఆపేశాను.

మా అత్తను అడిగాను, పురుగుల ఇంట్లో ఒక మూల ఇమ్మని. ఆమె నావైపు ఎట్లా చూసిందంటే, దేవుడి గదిలో గొర్రెలు కట్టేసుకుంటానన్నట్టు చూసింది.

"నా పురుగులు పసిబిడ్డలు. వాటి మధ్యన నీ గుర్రుగుర్రు పెట్టెను పెడితే అవి మేత మేసేదెట్లా?" అంది.

ఈశ్వరి


రాయదుర్గం,
28 మార్చి 2002

ఈశ్వరీ,

కరెంటు మిషన్‌కు నీళ్ళు చల్లినదాన్ని నిన్నొక్కదాన్నే చూశాను. నా పేరు చెప్పుకోకు ఆ ఊళ్ళో. ఆ పిల్లకు ఏమన్నా అయ్యుంటే? గోనెపట్టాలు, తడిగుడ్డలు వెంటనే తీసెయ్. కంప్యూటర్ శాస్త్రంలో గోనెపట్టాకు చోటు లేదు.

పురుగుల ఇల్లంటావా, ఆ మాట మరిచిపో. మీ అత్త ఒప్పుకోదు. నీ పెళ్ళిలో చూశాను కదా ఆమెను. విస్తళ్ళు సరిగ్గా వేయలేదని మగపెళ్ళివారి మనిషై ఉండి తనే కొంగు బిగించి వంద మందికి మళ్ళీ వేసింది. నేను సాయం పోతే, "నువ్వు రేడియోలు చూసుకోపో నాయనా" అంది. అట్లాంటి మనిషి తన మాట తను మార్చుకోదు. పైగా బెంగుళూరు నుంచి విడి భాగాలు తెప్పించి నేను కూర్చిన మిషన్ పురుగుల మధ్యన ఉంటుందా? నలుగురూ వింటే ఏమనుకుంటారు?

ఇంకో ఫ్యాను పంపుతున్నాను, బస్సు డ్రైవరు చేతికిచ్చాను. డబ్బా వెనకవైపు బిగించు. లోపలి వేడి బయటికి తోస్తుంది. మరల సైజు సరిపోకపోతే పురికొసతో కట్టు.

లక్ష్మీపతి


కొత్తచెరువు,
9 ఏప్రిల్ 2002

మామా,

నువ్వు పంపిన ఫ్యాను అందింది. బిగించలేదు. అవసరం రాలేదు.

మొన్న పొద్దున లేచి చూస్తే రేకుల గదిలో మానిటర్ లేదు. దొంగలు పడ్డారని అరవబోయాను. చూస్తే మా అత్త, అంత బరువు మానిటర్ని బిడ్డనెత్తుకున్నట్టు చంకనెత్తుకుని పురుగుల ఇంట్లోకి నడుస్తోంది. వెనకాల ఓబుళేసు డబ్బా మోస్తున్నాడు. ఎందుకు మనసు మార్చుకుందో చెప్పదు. అడిగితే, "బరువుగా ఉండాది, పలికించొద్దు" అంది.

నడిచింది మామా! పొద్దున వేస్తే దీపాల వేళ వరకు ఆగలేదు. చెయ్యి పెడితే గోరువెచ్చగా ఉంది, అంతే. మట్టి గోడలు, పైన బోదగడ్డి కప్పు, కిటికీలకు బయటవైపు తడి గోనెలు. తుంపర లోపలికి రాదు. నేనెందుకు ముందే రాలేదా అన్నట్టుంది దాని వాలకం.

కానీ మా అత్త షరతులున్నాయి. సున్నం నీళ్ళలో కాళ్ళు కడుక్కోవాలి. తలలో పూలు పెట్టుకోకూడదు, ముఖానికి పౌడరు పూసుకోకూడదు, వాసనలు పురుగులకు పడవు. తిరగమోత ఘాటు ఒంటి మీద ఉంటే బయటే నిలబడాలి. గట్టిగా నవ్వకూడదు. అన్నిటికంటే పెద్ద షరతు, టేబుల్ ఫ్యాను పెట్టరాదు. గాలి సూటిగా తగిలితే ఆకు వాడిపోతుంది, పురుగు మేయదు. డబ్బాలో ఉన్న చిన్న ఫ్యానుకు మాత్రం అనుమతి ఇచ్చింది. దాని దగ్గర చెవి పెట్టి చాలాసేపు విని, "ఇది కూడా మేస్తాండట్లే ఉండాది, ఉండనీ" అంది. నిజంగానే మామా, వేల పురుగులు ఆకు కొరికే చప్పుడు సన్న వానలా ఉంటుంది. అందులో నీ ఫ్యాను చప్పుడు కలిసిపోయింది.

ఇంకో సంగతి. పిల్లలు పాఠం మధ్యలో ఖాళీగా ఉంటే మా అత్త ఊరుకోదు. ఆకు తరిగిస్తోంది, తట్టలు దులిపిస్తోంది. పురుగులు పొర విడవడానికి మేత మానేసి కదలకుండా పడుకుంటాయి చూడు, దాన్ని జ్వరం అంటారు. నిన్న జ్వరానికి పోయాయని కంప్యూటర్ కూడా ఆపించేసింది. పిల్లలంతా గుసగుసగా పాఠం చదువుకున్నారు. నేను కూడా గుసగుసగానే చెప్పాను.

ఈశ్వరి


రాయదుర్గం,
16 ఏప్రిల్ 2002

ఈశ్వరీ,

సంతోషం. అంతకంటే రాయడానికి ఏమీ లేదు. నేను పంపిన ఫ్యాను మూలన పడి ఉందన్నమాట. ఉండనీ. బస్సు డ్రైవరుకు టీ తాగించి మరీ పంపాను.

ఒక్క మాట గుర్తుపెట్టుకో. మిషన్ బాగా నడుస్తోందని ఆ మూత మళ్ళీ బిగించేవు. వద్దు! నెలాఖరుకు ఎండ ఇంకా ముదురుతుంది. మట్టి గోడలను నమ్ముకుని మూత మూస్తే తనిఖీ రోజున నీ పరువు, నా పరువు కలిసి పోతాయి. డబ్బా తెరిచే ఉండాలి. పురుగుల ఇంటి సంగతి మీ అత్తకు తెలుసునేమో గానీ డబ్బా సంగతి నాకు తెలుసు.

లక్ష్మీపతి


కొత్తచెరువు,
30 ఏప్రిల్ 2002

మామా,

మూత మూయలేదు. నీ మాట అక్షరాలా పాటించాను. ఏం జరిగిందో విను.

తనిఖీ నిన్న. కరెంటు తీయకుండా ఉండడానికి ఓబుళేసు తెల్లారకుండానే బోండాలు కట్టుకుని లైన్‌మన్ దగ్గర కూర్చోవడానికి పోయాడు. ఇక్కడ పురుగులు పండిపోయాయి. అంటే మేత మానేసి, ఒళ్ళు అద్దంలా మెరుస్తూ, గూడు కట్టుకోవడానికి మూల వెతుక్కునే వేళ. మా అత్త వాటిని ఏరి చంద్రికల మీద, అదే ఆ వెదురు చట్రాల మీద వేస్తోంది. నేను మిషన్ వేశాను, ఒకసారి చూసుకుందామని. కాసేపటికే ఆరిపోయింది. మళ్ళీ వేశాను. మళ్ళీ ఆరింది.

తెరిచిన డబ్బాలోకి తొంగి చూస్తే నీ ఫ్యాను తిరగడం లేదు. దాని రెక్కల మధ్యన ఒక పురుగు కూర్చుని తల అటూ ఇటూ తిప్పుతూ దారం తీస్తోంది. రెక్కకూ చట్రానికీ కలిపి తెల్లగా, పలచగా అప్పటికే అల్లేసింది. ముందు రోజు రాత్రి మిషన్ ఆపినప్పుడు ఎక్కినట్టుంది. ఇంటినిండా ఇన్ని చంద్రికలు పెట్టుకుని ఉంటే దానికి నీ ఫ్యానే నచ్చింది.

నేను చెయ్యి పెట్టబోయాను. మా అత్త నా మణికట్టు పట్టుకుంది.

"దారం తీస్తాండే పురుగును పెరుకుతావా? అది ఇల్లు కట్టుకుంటాండాది. మన ఇంట్లో ఎప్పుడన్నా పెరికినామా?" అంది.

నిజమే మామా. దారం మొదలుపెట్టిన పురుగును వీళ్ళు ముట్టుకోరు. ఇంటి గోడ మీద కట్టినా, చీర మడతలో కట్టినా, అది కట్టేవరకు ఆ చీర కూడా తీయరు. "అత్తా, వేలల్లో ఇదొక్కటే కదా" అన్నాను. "దానికి అదొక్కటే ఇల్లు" అంది. నాకు కోపం, ఏడుపు రెండూ వచ్చాయి. ఐదుగురు పిల్లలు సున్నం కాళ్ళతో వరసగా నిలబడి నా ముఖం చూస్తున్నారు. మా అత్తను ఆ క్షణంలో ఎంత తిట్టుకున్నానో చెప్పలేను. ఇంకో ఫ్యాను ఉంది కదా, నువ్వు పంపింది, అది వెనకాల కట్టాను. అది నీ మాట ప్రకారం వేడిని బయటికి తోసింది. బిళ్ళ మీదికి గాలి మాత్రం రాలేదు. మిషన్ మళ్ళీ ఆరింది.

అంతలో శ్రీరంగప్ప వచ్చేశాడు. లావుపాటి మనిషి, మెడకు తువ్వాలు, ఒంటికి సెంటు. మా అత్త గడప దగ్గరే ఆపింది.

"కాళ్ళు కడుక్కో అప్పా. ఆ సెంటు కూడా తుడుచుకో."

"నేను తనిఖీకి వచ్చానమ్మా."

"తనిఖీకి వచ్చినోళ్ళకు కాళ్ళుండవా యేమి?"

పాపం, కడుక్కున్నాడు. లోపలికి వచ్చి కూర్చుని, "మొదలుపెట్టండి" అన్నాడు. కృపాకుమారి నావైపు చూసింది. చెప్పేద్దామని నోరు తెరిచాను. అప్పుడు మా అత్త దండెం మీదున్న విసనకర్ర తీసుకుని, డబ్బా ముందర పీట వేసుకుని కూర్చుంది. పురుగుకు తగలకుండా, సరిగ్గా ఆ అల్యూమినియం రేకుల మీదికి విసరడం మొదలుపెట్టింది.

"కొట్టవే పిల్లా" అంది.

కృపాకుమారి కొట్టింది. మా అత్త విసిరింది. శ్రీరంగప్ప ఇది ఏమిటని అడిగాడు. "ఫ్యాను ఖాళీ లేదు" అంది మా అత్త. ఆయన వంగి చూశాడు, పురుగును చూశాడు, నావైపు చూశాడు. కాసేపటికి కుర్చీ కొంచెం ఇటు జరుపుకున్నాడు. ఇంకాసేపటికి ఇంకొంచెం. గాలి తనకు కూడా తగిలే చోటుకు వచ్చాక, "అమ్మా, కాస్త వెడల్పుగా విసరండి" అన్నాడు.

"నువ్వేమన్నా ఆరిపోతావా? ఊరకుండప్పా" అంది.

అరగంట దాటాక ఆమె విసురు మందగించింది. విసనకర్ర అందుకోబోయాను. ఇవ్వలేదు. "నీకు కుదురు లేదు, పురుగుకు కొడతావు" అంది. ఎడమ చేత్తో విసిరింది, కుదరలేదు, మళ్ళీ కుడిచేతికి మార్చుకుంది. చెమట గడ్డం మీదినుంచి కారుతున్నా తుడుచుకోలేదు. మిషన్ ఆగలేదు మామా. గంట అయిపోయిందని శ్రీరంగప్ప చెప్పినా ఆమె విసురుతూనే ఉంది. "అయింది అత్తా" అని నేను భుజం పట్టుకుంటే గానీ ఆపలేదు.

గుర్తింపు ఇచ్చేశాడు! పరీక్ష నాటికి ఫ్యాను బాగుచేయించమని ఒక్క షరతు పెట్టాడు. పోతూ పోతూ మళ్ళీ కాళ్ళు కడుక్కోబోతే, "పొయ్యేటప్పుడు అక్కర్లేదు లేప్పా" అని మా అత్త నవ్వింది.

ఈశ్వరి


రాయదుర్గం,
7 మే 2002

ఈశ్వరీ,

ఫ్యాను బాగుచేయించమన్నాడా? నా ఫ్యాను చెడిపోలేదు. దాంట్లో వేరొకరు కాపురం పెట్టారు, అంతే. ఈ తేడా ఆ శ్రీరంగప్పకు తెలిసేలా ఉత్తరం రాద్దామనుకుని, మళ్ళీ ఎందుకులే అని మానుకున్నాను.

మూత తెరిచి ఉంచమన్నది నేనే. ఆ సంగతి నువ్వు ఎత్తిచూపకుండా "అక్షరాలా పాటించాను" అని రాశావు. అంతకంటే తిట్టి ఉంటే బాగుండేది. సన్న జాలీ మూత ఒకటి చేస్తున్నాను, గాలి పోతుంది, పురుగు పోదు. నేనే తీసుకొచ్చి బిగిస్తాను. సున్నం నీళ్ళు సిద్ధం చేసి ఉంచమని చెప్పు. ఇక్కడ షాపు కిటికీకి నేను కూడా గోనెపట్టా కట్టాను. ఊరికే కట్టాను, వేసవి కదా.

అసలు అడగాలనుకున్నది వేరే. వదిన ఎందుకు అట్లా చేసింది? మొదట కాదన్న మనిషి తనే మానిటర్ మోసింది. పురుగును పెరకనివ్వలేదు, మిషన్‌నూ ఆగనివ్వలేదు. ఆ వయసులో గంటసేపు విసరడమంటే మాటలు కాదు. చెయ్యి ఎట్లా ఉంది?

లక్ష్మీపతి


కొత్తచెరువు,
13 మే 2002

మామా,

ఆ రోజు సాయంత్రానికే చెయ్యి వాచిపోయింది. భుజం దాకా పైకి లేవలేదు. ఆముదం కాచి రుద్దాను. మూలగలేదు గానీ, రుద్దుతుంటే కళ్ళు మూసుకుంది.

పురుగు గూడు పూర్తిచేసింది. మిగతా గూళ్ళతో పాటు మా అత్తే విడదీసింది. ఫ్యాను మళ్ళీ తిరుగుతోంది. నువ్వు వచ్చి జాలీ బిగించు.

నువ్వడిగినదే నేనూ అడిగాను. నీకు ఉత్తరం వేసిన రోజు రాత్రి, అన్నం వేళ. అప్పుడు చెప్పింది. ఆకు కోతకు వచ్చిన జాకబ్, "ఆ పెట్టె నడిచేది లేదు, పెట్టేది లేదు, నా కూతురిని సోమవారం నుంచి నాతో పాటు కోతకు తోలుకొస్తాలే అక్కా" అన్నాడట. ఆ మర్నాడే ఆమె మానిటర్ ఎత్తుకుంది.

"నన్ను బడి మాన్పించినప్పుడు మా నాయన ఎవురినీ అడగల్యా. రెండో తరగతిలో ఉండా. పలక కూడా చెల్లెలికి ఇచ్చేసినాడు. ఎవురన్నా ఒగరు వద్దని చెప్పింటే బాగుండునని ఇప్పుడు కూడా అనుకుంటాండా. ఆ పిల్ల కూచోని టపటపా కొడతాంటే నాకు ఎంత బాగుంటాదో నీకేం తెల్సు" అంది.

తనిఖీ రోజు ఆమెను నేను మనసులో తిట్టుకున్న మాటలన్నీ గుర్తొచ్చి సిగ్గేసింది. ఆమె ముందర సంగటి, రోట్లో నూరిన చెనక్కాయల ఊరుబిండి అట్లాగే ఉన్నాయి. చెయ్యి లేవక ముట్టుకోలేదు, ఆ మాట నాతో చెప్పనూ లేదు. దగ్గరికి జరిగి, సంగటి తుంచి, ఊరుబిండి అద్ది నోటి దగ్గర పెట్టాను. పెళ్ళై వచ్చినప్పటినుంచి ఆమె ఎవరి చేతి ముద్దా తినగా నేను చూడలేదు. నన్నొకసారి చూసి, తింది.

ఊరుబిండిలో ఉప్పు చాల్లేదని చెప్పి, ఇంకో ముద్దకు నోరు తెరిచింది.

ఈశ్వరి